చెర్మాక్ గారి పిట్ట, మా ఇంటి కప్ప

చెర్మాక్ అనే ఇంటిపేరు గురించి నాకు తొమ్మిది సంగతులు తెలుసు. అంకెలు వేసి, తేదీతో సహా రాసి పెట్టుకున్నాను. మా సొంత ఇంటిపేరు గురించి తెలిసినవి నాలుగే. వాటిలో రెండింటి మీద నాకే నమ్మకం లేదు. ఈ తేడా నా చేతులారా తెచ్చుకున్నది కాబట్టి, ఎలా తెచ్చుకున్నానో వరసగా రాయాలనిపించింది.

చెర్మాక్ అన్నది చెక్ దేశంలో వీధికొకరికి ఉండే పేరట. అందుకని దాన్ని రాయడానికి నాకు సంకోచం లేదు. మా ఇంటిపేరు మాత్రం పూర్తిగా రాయను. కప్ప అనే మాటతో మొదలవుతుందని చెప్తే చాలు.

ఒమన్‌లో ఇబ్రి అనే ఊరికి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక నీటి పంపింగ్ స్టేషన్‌లో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరుని. ప్రెషరు, ప్రవాహం, వైబ్రేషన్ కొలిచే మీటర్లు నిజం చెప్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. వారమంతా సైట్ దగ్గర రూమ్‌లో ఉంటాను. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారం మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక మూడు గంటలు బండి నడుపుకుంటూ మస్కట్ పక్కన మబేలాలో ఇంటికి వస్తాను. కిందటి డిసెంబరులో అక్కడే మా పాప పుట్టింది. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ కావడంతో కాన్పు సాయానికి మా అమ్మ, ఆమెతో పాటు నాయన, కడప జిల్లా నుంచి విజిట్ వీసా మీద వచ్చారు.

ఆ చలికాలమే మా స్టేషన్‌కి కొత్త పంపులు వచ్చాయి. వాటిని నడిపించి అప్పజెప్పడానికి, తయారుచేసిన కంపెనీ తరఫున ఒక పెద్దాయన ఆరు వారాలకు వచ్చారు. అరవై దాటిన మనిషి. రిటైర్మెంట్‌కి ముందు ఇదే చివరి పని అని మొదటి రోజే చెప్పారు. గేట్ పాస్ ఫారం నేనే నింపాను. చెర్మాక్ అని ఆయన అక్షరం అక్షరం చెప్పారు. నేను రాసుకున్నాను. అప్పటికి అది నాకు ఒక గడిలో నింపాల్సిన ఆరేడు అక్షరాలు, అంతే.

రెండో వారంలో ఒక పొద్దున పంప్‌హౌస్ బయట టీ తాగుతుంటే కంచె మీద ఒక చిన్న పిట్ట వాలింది. ఒళ్ళంతా బూడిద రంగు, తోక మాత్రం ఇటుక ఎరుపు. ఆ తోక ఒక్క క్షణం నిలకడగా లేదు, వణుకుతూనే ఉంది. పెద్దాయన టీ కప్పు కింద పెట్టి నా చొక్కా చెయ్యి పట్టుకున్నారు.

"అదిగో, మా వాళ్ళు వచ్చారు," అన్నారు, ఊరినుంచి బస్సులో బంధువులు దిగినట్టు.

ఆ పిట్ట పాత పేరు చెర్మాక్. ఇప్పుడు వాళ్ళ భాషలో దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. పిట్టకు ఆ పేరు పోయింది, మనుషులకు మిగిలింది. ఎరుపు అనే అర్థం ఉన్న ఇంకా పాత మాటలోంచి పిట్టకు ఆ పేరు వచ్చింది. పిట్ట పేరు మనిషికి ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరట. మొదటివాడికి ఎర్రజుట్టు ఉండొచ్చు. ఆ తోకలాగా కుదురుగా కూర్చోలేనివాడై ఉండొచ్చు. పిట్టలు పట్టి అమ్మేవాడైనా కావచ్చు. "నాకు మూడోది ఇష్టం, కానీ రుజువు లేదు," అన్నారు. రుజువు లేదని ఒప్పుకునే మనుషులంటే నాకు గౌరవం. ఆ మధ్యాహ్నమే నోటు పుస్తకంలో, పంప్ రీడింగుల వెనక పేజీలో, రాయడం మొదలుపెట్టాను.

తర్వాతి రోజుల్లో జాబితా పెరిగింది. చెక్ వాళ్ళలో కుందేలు, కాకి, తోడేలు, ఆఖరికి ఈగ కూడా ఇంటిపేర్లుగా ఉన్నాయి. రెండు వందల ఏళ్ళకు పైగా అయింది, తండ్రి నుంచి బిడ్డకు మారకుండా ఒకే పేరు రావాలని ఒక చక్రవర్తి ఉత్తర్వు వేశాడు. అంతకు ముందు పల్లెల్లో పేరు ఇంటిది. ఆ ఇల్లు కొన్నవాణ్ణీ, ఇల్లరికం వచ్చినవాణ్ణీ ఆ ఇంటి పేరుతోనే పిలిచేవారు. పెద్దాయన అమ్మమ్మ ఊళ్ళో ఇప్పటికీ కాగితాల్లో ఒక పేరు, నోటిమాటకు ఇంకొకటి.

మా భాషలో సర్‌నేమ్‌ని ఇంటి పేరు అనే అంటామని నేను చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. అయితే మీది ఏ ఇల్లు, దాని అర్థం ఏమిటి అని అడిగారు. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉన్నది చెప్పి, అది దేవుడి పేరు అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

దీన్ని కొంచెం వివరించాలి. మా ఊళ్ళో మా నాయనకు బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. బోర్డు మీద మా ఇంటిపేరు, కింద "మోటార్ వైండింగ్ వర్క్స్", నీలం మీద పసుపు అక్షరాలు. బడికి పోయే దారిలోనే షాపు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా వెనక బెకబెకలు ఆగలేదు. వాన పడ్డ రోజు మరీ. సైన్సు ల్యాబ్‌లో కప్పను కోసే పాఠం వచ్చినప్పుడు ఒకడు లేచి నన్ను చూపిస్తూ, ఆపరేషన్‌కి ముందు వీళ్ళ నాన్న సంతకం తెమ్మనండి సార్ అన్నాడు. సారు కూడా నవ్వారు. నా సర్టిఫికెట్లలో పేరు ముందు ఒక్క అక్షరమే ఉండేది. ఇంజినీరింగ్‌లో పాస్‌పోర్టుకి పెట్టుకున్నప్పుడు ఆ అక్షరాన్ని విప్పి రాయాలన్నారు. నేను విప్పలేదు. రెండు మాటలున్న నా పేరును చీల్చి, రెండో మాటను సర్‌నేమ్ గడిలో వేశాను. గల్ఫ్‌కి వచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామంది కాగితాలు ఇలాగే ఉంటాయి. వాళ్ళలో ఎక్కువమంది ఏజెంటు నింపితే సంతకం పెట్టినవాళ్ళు. నేను తెలిసి చేశాను.

నాయన అప్పుడు ఏమీ అనలేదు. పాప పుట్టాక, మబేలా ఫ్లాట్‌లో ఒక శుక్రవారం పొద్దున, పాపను ఒళ్ళో వేసుకుని అడిగాడు. ఆయన నన్ను పెద్దగా ఏదీ అడిగే మనిషి కాదు. పాప పాస్‌పోర్టులో ఇంటిపేరు రాయించమన్నాడు. మా తాతకు ఇద్దరు కొడుకులు. మా పెదనాయనకు పిల్లలు లేరు. నాయనకు నేనొక్కణ్ణే. నేను ఆ పేరు వదిలేశాక కాగితం మీద అది నాయనతోనే ఆగిపోతుంది. ఆయన ఈ లెక్క చెప్పలేదు, కానీ చెప్పనవసరం లేకుండానే నాకు అర్థమైంది.

ఆడపిల్ల గదా, పెళ్ళయితే ఎలాగూ మారుతుంది అన్నాను.

"మారేదాకన్నా ఉంటాది గదరా," అన్నాడు.

అప్పుడు నేను నెపం ఫారం మీదికి తోశాను. తండ్రి సర్‌నేమ్, బిడ్డ సర్‌నేమ్ ఒకటి కాకపోతే ఇక్కడ ఒప్పుకోరు, రెసిడెంట్ కార్డుకు ఇబ్బంది, విమానాశ్రయంలో ఇబ్బంది అని మూడు కారణాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. మూడూ నేను అప్పటికప్పుడు కల్పించినవే. నిజానికి నిబంధనలు ముందే చదివాను. ఒక డిక్లరేషన్ రాసిస్తే ఇంటిపేరు పెట్టొచ్చు. లోపల వంటగదిలో నా భార్య గిన్నె కడగడం ఆపింది. ఆమెకూ ఆ సంగతి తెలుసు.

"సరేలే. గవర్మెంటు ఒప్పుకోకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని నాయన పాప కాళ్ళకు మేజోళ్ళు సర్దాడు.

నా మాట ఆయన అంత సులువుగా నమ్మడం నాకు ఆ రోజు నచ్చింది. ఇప్పుడు ఆ నచ్చడమే గుర్తొస్తుంది.

పెద్దాయన పని ముగిసింది. శనివారం మస్కట్ నుంచి విమానం కాబట్టి గురువారం నా బండిలోనే వచ్చారు. చెర్మాక్ పిట్ట సంగతి నేను ఇంట్లో ముందే వినోదంగా చెప్పి ఉన్నాను. నాయనకు అది వినోదంగా తోచలేదు. అంత పెద్ద ఇంజినీరుకు పిట్ట పేరా, ఆయన్ను మనింటికి తోలుకరా అన్నాడు. శుక్రవారం భోజనానికి పిలిచాను.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ మొదట పంపుల గురించి మాట్లాడుకున్నారు. నాయనకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. నేను మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పాను. కొంతసేపటికి నా అవసరం కూడా లేకపోయింది. కాయిల్ కాలిన వాసన ఎలా ఉంటుందో నాయన ముక్కు ఎగబీల్చి చూపిస్తే ఆయన పకపకా నవ్వారు. తర్వాత ఫోన్‌లో పిట్ట ఫొటో చూపించారు. నాయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఇది చలికాలం మన పక్కకు గూడా వస్తాదే. షాపు గోడ మీద కూకుని తోక ఆడిస్తా ఉంటాది. ఆయప్పకు చెప్పు, మీ వాళ్ళు మా ఊర్లో గూడా ఉండారని."

చెప్పాను. పెద్దాయన లేచి నాయనకు చెయ్యిచ్చారు. నాయన ఆ చెయ్యి వదలకుండా నావైపు తిరిగాడు.

"బడిలో ఈయన్ను ఎగతాళి చేసినారా అని అడుగు."

అడిగాను. చాలా చేశారన్నారాయన. ఆ బళ్ళోనే కుందేలు అనే పేరు గలవాడు, ఈగ అనే పేరు గలవాడు కూడా ఉండేవారట. వాళ్ళ పాట్లు చూశాక తనది మేలనిపించిందట. నాయన నవ్వి, మాది కప్ప అని చెప్పమన్నాడు. నాకు ఎటూ తప్పించుకునే దారి లేకపోయింది. చెప్పాను. పెద్దాయన నా ముఖంలోకి ఒక్కసారి చూశారు. దేవుడి పేరు అన్నారుగా అని అనలేదు. కప్ప ఎందుకు అని మాత్రం, నన్ను కాదు, నాయన్ను అడిగారు.

అప్పుడు నాయన చెప్పడం మొదలుపెట్టాడు. నా ముప్పై ఏళ్ళలో ఆయన ఈ సంగతి చెప్పగా నేను వినలేదు. నేనెప్పుడూ అడగలేదు. పదినిమిషాల పైనే చెప్పాడు. పాప ఆయన భుజం మీద నిద్రపోయింది. గొంతు తగ్గించి, కుడిచేత్తో గాలిలో బావి చుట్టు గీసి చూపిస్తూ చెప్పాడు. పెద్దాయన ఒక్క మాట అర్థం కాకపోయినా ముందుకు వంగి విన్నారు.

నేను ఏం చేస్తున్నాను? బావి నీళ్ళు తోడే మోటకు ఇంగ్లీషులో ఏమంటారా అని ఆలోచిస్తున్నాను. వరసలు తికమక పడకుండా జేజినాయనకు జేజినాయన, అంటే తాతకు తాత, అనే ముక్క ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. పలావు చల్లారిపోతోందని నా భార్య గుమ్మం దగ్గర నిలబడితే ఆమెకు చెయ్యి ఊపుతున్నాను. అన్నిటికన్నా ఎక్కువగా, ఇది త్వరగా అయిపోతే బాగుండు అనుకుంటున్నాను. నాయన ఆగిన చోటల్లా తల ఊపాను. ఊపినంత వినలేదు.

ఆయన ముగించి నావైపు చూశాడు. నేను పెద్దాయనతో ఇంగ్లీషులో అన్నది ఇంతే: చాలా కాలం కిందట మావాళ్ళు ఒక బావి తవ్వారు, కప్ప కనిపించింది, నీళ్ళు పడ్డాయి, అందుకని ఆ పేరు.

"అంతేనా?" అన్నారు పెద్దాయన. "చాలాసేపు చెప్పారే."

ఆయన చెప్పిందే చెప్తుంటారు అన్నాను.

"అంతా చెప్పినావా?" అని నాయన.

"చెప్పినా నాయనా."

పెద్దాయన పాపను చూసి, అయితే ఈ అమ్మాయి కూడా కప్పేనా అని నవ్వుతూ అడిగారు. కాగితాలు కుదరలేదు అన్నాను. ఆయన దాన్ని పొడిగించలేదు. తన కూతురు పెళ్ళయ్యాక కూడా చెర్మాక్ పేరే ఉంచుకుందని చెప్పారు. ఆడవాళ్ళకు పేరు చివర కొంచెం మారుతుందట. అది నా జాబితాలో తొమ్మిదోది. అదైనా ఆ సాయంత్రం గుర్తుపెట్టుకుని రాసుకున్నాను. అదే పుస్తకం, అదే పెన్ను. పక్క గదిలో నాయన.

ఆ వారం నేను సెలవు పెట్టాను. ఆదివారం పాప పాస్‌పోర్టు దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తుంటే నాయన కూడా వస్తానన్నాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా పాస్‌పోర్టు చివరి పేజీ తిప్పి నాయన పేరు చూసింది. హిందీలో మాట్లాడింది. మీ నాన్నగారి సర్‌నేమ్ వేరుగా ఉంది, పాపకు అది కావాలంటే ఇప్పుడే పెట్టొచ్చు, డిక్లరేషన్ ఫారం నేనిస్తాను, పది నిమిషాల పని, అంది. సాయం చేద్దామనే అంది పాపం. అవసరం లేదని హిందీలోనే చెప్పాను.

నాయనకు ఇంగ్లీషు రాదని ఇంతకు ముందు రాశాను. ఉర్దూ బాగా వచ్చు. షాపుకి వచ్చే రైతుల్లో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళే. చిన్నప్పుడు నాకు ఆ భాషలో అంకెలు నేర్పింది ఆయనే. ఇంత తెలిసినవాణ్ణి, ఆ పూట ఆయన నా పక్కన నిలబడి ఉన్నాడన్నది మరిచిపోయాను. కౌంటర్ మీది గాజులో ఆయన కనిపించాక గుర్తొచ్చింది. ఆయన నన్ను చూడటం లేదు. ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఖాళీ ఫారం వైపు చూస్తున్నాడు. ఆమె దాన్ని తిరిగి డ్రాయర్‌లో పెట్టేసింది.

అప్పుడైనా, ఆ ఫారం ఇటివ్వండి అని నేను అనొచ్చు. పది నిమిషాల పని అని ఆమె చెప్పింది కూడా. రశీదు తీసుకుని బయటికి వచ్చాను.

బండిలో ఇంటికి వస్తుంటే మబేలా మలుపు దగ్గర సిగ్నల్ పడింది.

"వద్దనుంటే వద్దని చెప్పింటే అయిపోయేది," అన్నాడు నాయన. "ఆ ఫారం ఏం పాపం చేసింది, దాని మీద పెట్టినావు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి ఎదురు చెప్పి ఉండేవాణ్ణి. బోర్డు సంగతి, బెకబెకల సంగతి చెప్పుకునే వీలు కలిగేది. ఆయన అంత మాట అని, దారిలో పాలు తీసుకోవాలని మీ అమ్మ చెప్పింది అన్నాడు. పాలు తీసుకున్నాం.

ఇంకో ఐదు వారాలు ఉన్నారు. పాపకు పొద్దున్నే ఎండ చూపించడం, అమ్మకు కూరగాయలు కోసివ్వడం, నా భార్యతో నవ్వుతూ మాట్లాడటం, అన్నీ మామూలే. నాతో కూడా మామూలే. ఇంటిపేరు ఊసు మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళిన పదిరోజులకు పాప పాస్‌పోర్టు వచ్చింది. సర్‌నేమ్ గడిలో నా పేరులోంచి నేను చీల్చిన ముక్క ఉంది. ఫొటో తీసి నాయనకు పంపాను. ఫొటోలో పాప బాగా పడింది అని జవాబు పంపాడు.

తర్వాత ఎండాకాలంలో పెద్దాయన నుంచి మెయిల్ వచ్చింది. రిటైరయ్యారు. జంతువుల ఇంటిపేర్ల కథలు మనవళ్ళ కోసం పోగు చేస్తున్నారట. ఆ రోజు మీ నాన్నగారు చెప్పినదాన్ని తీరిక చేసుకుని పూర్తిగా రాసి పంపండి అని అడిగారు. ఆయన చేతులు గాలిలో గీసిన బావి ఇంకా కళ్ళ ముందు ఉంది, కానీ మీరు చెప్పిన నాలుగు ముక్కలు ఆ చేతులకు సరిపోవు అని రాశారు.

ఒక కాగితం తీసుకుని నాకు తెలిసినవి రాశాను.

ఒకటి, ఒక కరువు. ఏ కరువో చెప్పాడు, నేను పట్టుకోలేదు.

రెండు, బావి సగం తవ్వి అందరూ వదిలేశారు. మావాళ్ళలో ఒకరు మాత్రం దిగారు. మగమనిషా, ఆడమనిషా అన్న దగ్గర నాకు అనుమానం. ఆమె అన్నట్టు వినపడిన గుర్తు ఉంది, కానీ ఆ మాట అంటున్నప్పుడు నేను గుమ్మం వైపు చూస్తున్నాను.

మూడు, రాతి సందులో కప్ప. కనిపించిందా, అరుపు వినిపించిందా తెలియదు. పెద్దాయనకు కనిపించింది అని చెప్పాను. అది నా కల్పన.

నాలుగు, జల తగిలింది.

అసలైనది ఈ నాలుగింటిలో లేదు. ఊరివాళ్ళు ఆ పేరు మెచ్చుకుని పెట్టారా, వెక్కిరించి పెట్టారా? నీళ్ళు పడకముందే పెట్టారా, పడ్డాక పెట్టారా? నాయన అది చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు మారింది, ఒకసారి నవ్వాడు కూడా. ఎందుకు నవ్వాడో నాకు తెలియదు. అది విని ఉంటే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా వెనక వచ్చిన అరుపులకు అర్థం వేరేగా ఉండేదేమో. ఉండకపోనూ వచ్చు. నా దగ్గర రుజువు లేదు.

మా పెదనాయన పోయి నాలుగేళ్ళయింది. నాయనకు తప్ప ఇంకెవరికీ ఆ కథ తెలిసే అవకాశం లేదు. ఒక శుక్రవారం ఫోన్ చేశాను. ముందు రెండు సంగతులు చెప్పాలని చీటీ మీద రాసుకున్నాను. పాస్‌పోర్టు మళ్ళీ తీసుకునేటప్పుడు పాపకు ఇంటిపేరు వేయిస్తానన్నది ఒకటి. బావి కథ మళ్ళీ చెప్పమన్నది రెండోది. రెండూ చెప్పాను. పెద్దాయన మెయిల్ గురించి కూడా చెప్పాను.

"ఆ పొద్దు చెప్పినా గదా," అన్నాడు నాయన. "ఆయప్పకు ఇంగిలీసులో చెప్పింది నువ్వే గదరా."

నేను సరిగ్గా వినలేదు నాయనా అన్నాను. ఈ మాట అనడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

"తెలుసు," అన్నాడు. "నేను అంత సేపు చెప్తే నువ్వు ఇంత చెప్పినావు. భాష రాకపోతే లెక్క గూడా రాదా నాకు?"

అమ్మ దూరం నుంచి ఏదో అడిగింది, ఆయన దానికి బదులు చెప్పాడు. కోపమా అని అడిగాను. కోపం లేదన్నాడు. ఒకసారి చెప్పినప్పుడు వచ్చినట్టు రెండోసారి రాదన్నాడు, ఫోన్‌లో అసలే రాదన్నాడు.

"పాప పెద్దది కానీ. అది అడిగితే చెప్తాలే. నువ్వడిగితే గాదు, అది అడిగితే."

సరే అన్నాను. పాపకు అప్పటికి ఎనిమిది నెలలు. ఒక మనిషిని కూర్చోబెట్టి, మన పేరు ఇలా ఎందుకుంది తాతా అని అడిగే వయసు ఎంతో లెక్క వేశాను. ఐదు అనుకుంటే ఇంకా నాలుగేళ్ళ పైన, ఏడు అనుకుంటే ఆరేళ్ళ పైన. నాయనకు అరవై తొమ్మిది. ఆ ఏళ్ళను ఆయన వయసుకు కలిపి చూసుకుని, పెద్దాయనకు మెయిల్ రాశాను. కథ నా దగ్గర లేదని, ఆ రోజు నేను చెప్పిందాంట్లో కప్ప కనిపించింది అన్న మాట నాన్నది కాదు, నాదని, దాన్ని కొట్టేయమని.